కట్టెల పొయ్యిని క్షేమంగా వాడుకుందాం



సారెపతు విధవరాలి సంగతి మనందరికీ తెలిసిందే. ఏలీయా ఆ ఊరికి వచ్చేసరికి ఆమె పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటూ ఉంది. ఇంట్లో ఇంత ఉడకేసుకోవడానికి ఆ తల్లి పడిన శ్రమ మన పల్లెల్లో తల్లులకు కొత్త కాదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళకు గ్యాస్ చేరింది. అయినా 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి సుమారు 59 ఇళ్ళలోనే గ్యాస్ వంటి పొగలేని ఇంధనంతో వండుతున్నారు. సిలిండరు ఉన్న ఇళ్ళలో కూడా స్నానాల నీళ్ళకు, పశువుల కుడితికి, పండుగ వంటలకు కట్టెల పొయ్యే వెలుగుతోంది.

మా ఓ.పి.కి ఒక తల్లి ఆయాసంతో వచ్చింది. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందదు. చుట్ట గానీ బీడీ గానీ ఆమె ఎన్నడూ ముట్టలేదు. "ఏ వయసు నుండి వంట చేస్తున్నావమ్మా?" అని అడిగితే, "పదేళ్ళప్పటి నుండి" అంది. వంటపాకకు కిటికీ లేదు. నలభై ఏళ్ళ పొగ ఆమె ఊపిరితిత్తులలో చేరింది. పాడైన ఊపిరితిత్తులను మునుపటిలా చేసే మందు లేదు. ఆయాసం తగ్గించగలం, అంతే. అందుకే ఇలాంటి జబ్బు రాకుండా ఏం చేయాలో ఈసారి రాస్తున్నాం.

పొగ ఏం చేస్తుంది?

కట్టె పూర్తిగా మండకపోతే పొగ వస్తుంది. ఆ పొగలో కంటికి కనిపించనంత సన్నని మసి రేణువులు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటాయి. మసి రేణువులు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. దాని వలన పెద్దలకు మానని దగ్గు, ఆయాసం (డాక్టర్లు దీన్ని సి.ఓ.పి.డి. అంటారు), గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, కంటిలో శుక్లాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. గర్భిణి పొగలో ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. తల్లి చంకలో, వీపున ఉండే పసిబిడ్డకు న్యుమోనియా రావచ్చు. ఇళ్ళలోని ఇలాంటి పొగ వలన 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలే.

పొయ్యి ఎక్కడ ఉండాలి?

1. వీలైతే పడుకునే గదికి దూరంగా, విడిగా ఉన్న వంటపాకలో గానీ, పైకప్పు ఉండి పక్కలు తెరచి ఉన్న వసారాలో గానీ పొయ్యి పెట్టుకోవాలి.

2. గదిలోనే వండవలసి వస్తే ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండాలి. పొగ పైకి పోతుంది కాబట్టి గోడ పైభాగంలో కూడా ఒక రంధ్రం వదలాలి. వంట చేసేటప్పుడు తలుపు తెరచి ఉంచాలి.

3. పొగగొట్టం ఉన్న పొయ్యి మంచిది. గొట్టం కప్పు పైకి కనీసం రెండడుగులు లేచి ఉండాలి. దాని మీద వాన పడకుండా మూత ఉండాలి. తాటాకు, గడ్డి కప్పు ఉన్న ఇంట్లో గొట్టం కప్పును తాకకూడదు. గొట్టం చుట్టూ ఖాళీ వదిలి, ఆ ఖాళీకి రేకు అడ్డం పెట్టాలి.

4. నేల మీది పొయ్యి కంటే నడుము ఎత్తున గట్టు మీద కట్టిన పొయ్యి మేలు. పాకే పిల్లలకు అందదు, చీర కుచ్చిళ్ళు అంటుకోవు, వంగి వంగి నడుము పట్టదు.

5. పొయ్యి చుట్టూ మూడడుగుల లోపల గడ్డి, కట్టెల మోపు, బట్టల తీగ, కిరోసిన్ డబ్బా ఉండకూడదు.

ఎలాంటి కట్టెలు వాడాలి?

పచ్చికట్టెలో నీరు ఉంటుంది. మంట వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, మిగిలేది పొగ. కట్టెను మణికట్టు లావున చీల్చి, వానలకు ముందే కప్పు కిందకు చేర్చి, నేలకు తగలకుండా రాళ్ళ మీద పేర్చుకోవాలి. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. మెత్తని చప్పుడు వస్తే ఇంకా ఎండలేదని గుర్తు. తుమ్మ, సరుగుడు బాగా మండుతాయి. పత్తికట్టె, కందికట్టె భగ్గుమని లేచి త్వరగా ఆరిపోతాయి కనుక వాటిని వేసి పక్కకు పోకూడదు.

గన్నేరు కట్టెను పొయ్యిలో పెట్టవద్దు. దాని పొగ కూడా విషమే. రంగు వేసిన చెక్క, పురుగుమందు అట్టపెట్టెలు, టైరు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. అగ్గి త్వరగా అంటుకుంటుందని చాలామంది కవరు ముక్క వెలిగిస్తున్నారు. ఆ పొగ పిల్లలకు మరీ చెడ్డది. కొబ్బరి పీచు, ఎండిన తాటాకు, చితుకులు చాలు.

ఇంకొక మాట. కట్టెల మోపులో తేళ్ళు, పాములు చేరతాయి. చీకటిలో చేయి పెట్టకండి. టార్చిలైటు వేసి, కర్రతో కదిలించి తీయండి. పాము కరిస్తే నాటువైద్యం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదల్చకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

వెలిగించేటప్పుడు, వండేటప్పుడు

1. మండుతున్న పొయ్యిలో గానీ, ఆరిందనుకున్న పొయ్యిలో గానీ కిరోసిన్, పెట్రోలు పోయకూడదు. కింద కణకణలాడే నిప్పు ఉంటే ఆవిరి భగ్గుమని సీసా దాకా అంటుకుంటుంది. మా వార్డులో చేరిన కాలిన కేసులలో ఇది మేము పదే పదే చూశాం.

2. కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి, జుట్టు ముడి వేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ బట్ట మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంటకు నూలు చీర మంచిది.

3. ఒక లావు దుంగ కంటే మూడు నాలుగు సన్న కట్టెలు మేలు. కట్టెల కొసలు కింద ఒక ఇటుక ముక్క మీద ఆనిస్తే అడుగు నుండి గాలి ఆడి పొగ తగ్గుతుంది. కట్టె కాలిన కొద్దీ లోపలికి జరపాలి. పొయ్యి బయటకు వేలాడే కొరివి పిల్లల కాళ్ళకు తగులుతుంది.

4. గిన్నె మీద మూత పెట్టండి. పప్పును ముందే నానబెట్టండి. కట్టె తక్కువ పడుతుంది, పొగ తక్కువ పీలుస్తాం.

5. గంజి వార్చేటప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. వార్చిన గంజిని నేల మీద వదలకండి. గంజి గిన్నెలో కూర్చుండిపోయిన రెండేళ్ళ బాబుకు మేము చాలా రోజులు కట్లు కట్టాం. ఆ ఏడుపు మరచిపోయేది కాదు.

6. మూర్ఛ వ్యాధి ఉన్నవారు ఒంటరిగా పొయ్యి దగ్గర కూర్చోకూడదు. ఇంట్లో వేరే ఎవరైనా ఆ పని చేసి పెట్టాలి. అది వారి మీద చిన్నచూపు కాదు, వారి ప్రాణానికి కాపలా.

7. కుష్టు వలన గానీ, చక్కెర వ్యాధి వలన గానీ చేతులలో, పాదాలలో స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. మందపాటి మసిగుడ్డ, పట్టకారు లేకుండా గిన్నె దించకూడదు. వంట అయ్యాక వెలుతురులో చేతులు, పాదాలు చూసుకోవాలి.

ఆర్పడం, బూడిద తీయడం

వంట కాగానే కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లి ఆర్పాలి. పైకి చల్లగా కనిపించే బూడిద అడుగున నిప్పు మరునాటి దాకా ఉండవచ్చు. బూడిదను తట్టలో, ప్లాస్టిక్ బకెట్టులో ఎత్తకూడదు. ఇనుప తట్టలో ఎత్తి, నీళ్ళు చిలకరించి, గడ్డివాముకు, పెంటకుప్పకు దూరంగా గుంటలో పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలికి ఒక్క నిప్పురవ్వతో వరుసగా పూరిళ్ళు తగలబడుతుంటాయి. ఆ రోజుల్లో గాలి లేవకముందే ఉదయాన్నే వంట ముగించి, పొయ్యి పూర్తిగా ఆర్పండి. వంటపాకలో ఎప్పుడూ ఒక బకెట్టు నీళ్ళు, ఒక డబ్బా ఇసుక ఉంచండి. అయితే కాగే నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు, మంట ఎగిరిపడుతుంది. పెద్ద మూత కప్పి, కింద కట్టెలు లాగేయాలి.

పొయ్యిని బాగు చేసుకోవడం

1980ల నుండి 2002 వరకు ప్రభుత్వం పొగలేని పొయ్యిలు కట్టించింది. చాలా ఇళ్ళలో అవి కొద్దికాలానికే పొగచూరిపోయాయి. గొట్టంలో మసి పేరుకుంది, మట్టి పగిలింది, పట్టించుకునేవారు లేరు. పొయ్యి కట్టుకుంటే సరిపోదు, దాన్ని చూసుకోవాలి.

రోజూ: వండే ముందు నిన్నటి బూడిద తీయాలి. బూడిద నిండితే గాలి ఆడదు.
వారానికి ఒకసారి: పగుళ్ళు చూసి, ఎర్రమట్టి, పేడ కలిపి అలకాలి. పొగ పగుళ్ళలో నుండి కూడా వస్తుంది.
నెలకు ఒకసారి: పొయ్యి పూర్తిగా చల్లారాక, కొబ్బరి పీచు ఉండను తాడుకు కట్టి గొట్టంలో పైకీ కిందికీ లాగి మసి తీయాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. కప్పు నుండి వేలాడే మసిబూజు కూడా దులపాలి, అది సులువుగా అంటుకుంటుంది.

బాలింత గదిలో కుంపటి

ఇది పెద్దమ్మలకు, నాయనమ్మలకు ప్రత్యేకంగా మనవి. బాలింతకు చలి తగలకూడదని కిటికీలు మూసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం, బిడ్డకు స్నానం పోసి సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళలో ఉన్నాయి. అది ప్రేమతో చేసేదే. కానీ బొగ్గులు పొగ రాకుండా కాలినప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి, తరువాత మత్తు నిద్ర. ఆ నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే తలుపులు తీసి, అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోను చేయండి. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టండి. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేయండి. సాంబ్రాణి పొగ పూర్తిగా మానండి. మెత్తని గుడ్డతో తుడిస్తే జుట్టు ఆరిపోతుంది.

విందు వంటల దగ్గర

క్రిస్మస్ విందుకు, పెళ్ళిళ్ళకు గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కిస్తాం. సంఘ పెద్దలు దయచేసి గాడి చుట్టూ తాడు కట్టించండి. షామియానా కిందే పొయ్యి పెట్టవద్దు. గుండిగను ఇద్దరు బలమైనవారు, కర్ర దూర్చి దించాలి. వంట అయ్యాక గాడిలో నీళ్ళు పోసి మట్టి కప్పాలి. పిల్లలు మరునాడు ఆడుకుంటూ అందులో కాలు పెడతారు.

కాలితే ఏం చేయాలి?

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. నేల మీద పడుకొని దొర్లాలి. పక్కనున్నవారు నీళ్ళు పోయాలి లేదా గొంగడి, మందపాటి నూలు దుప్పటి కప్పాలి. తరువాత:

1. కాలిన చోట 20 నిమిషాలు చల్లని మంచినీళ్ళు ధారగా పోయండి. ఐసు వద్దు. పసిపిల్లలకు మిగతా ఒళ్ళు వెచ్చగా కప్పి ఉంచండి.
2. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు తీసేయండి.
3. ఒంటికి అతుక్కున్న బట్టను లాగవద్దు. బొబ్బలు చిదమవద్దు.
4. సిరా, టూత్‌పేస్టు, పసుపు, పేడ, కోడిగుడ్డు, నూనె ఏదీ పూయవద్దు. అవి చీము పట్టిస్తాయి, పుండు ఎంత లోతో మాకు కనబడనీయవు.
5. ఉతికిన శుభ్రమైన గుడ్డను వదులుగా కప్పి తీసుకురండి.

రోగి అరచేయి, వేళ్ళతో కలిపి, ఒంటిలో సుమారు 1 శాతం. అంతకంటే ఎక్కువ కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మస్థానాలు కాలినా, పసిపిల్లలకు ఎంత కాలినా, మూసిన గదిలో పొగ పీల్చినా ఆలస్యం చేయవద్దు. ఎలా కాలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిమ్మల్ని నిందించడానికి అడగం, వైద్యం సరిగా చేయడానికే అడుగుతాం.

తల్లులారా, రెండు వారాలు దాటిన దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే "వంట చేసేవాళ్ళకు మామూలే" అని ఊరుకోకండి. ఓ.పి.కి రండి. తండ్రులారా, గ్యాస్ ఉన్న ఇంట్లో సిలిండరును చుట్టాలు వచ్చినప్పటికని దాచకండి. రోజూ వండే అన్నం, కూర గ్యాసు మీదే వండనివ్వండి. అది లేని ఇంట్లో ఈ వారమే గోడకు ఒక కిటికీ తెరవండి. పెద్ద ఖర్చు కాదు, ఒక పూట పని. ఆ కిటికీ మీ ఇంటి తల్లికి ఆయుష్షు.

ప్రభువు మీ ఇళ్ళను, మీ పిల్లలను కాపాడును గాక. మీ ప్రార్థనలలో మమ్మల్ని, మా రోగులను జ్ఞాపకం చేసుకోండి.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున