పిన్నులు చాలకపోతే: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎన్ని అవుట్‌పుట్‌లు కావాలో అన్ని పిన్నులున్న మైక్రోకంట్రోలరే కొనాలి.

1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఈ మాట నిలవదు. మగ్గం మీది జకార్డు అట్టలో రంధ్రం ఉంటే కొక్కెం లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ రంధ్రాల వరుసనే ఒకట్లు, సున్నాలుగా రాసుకుంటే ఎలక్ట్రానిక్ జకార్డు. 240 కొక్కేలనుకుందాం. ఆర్డునో ఊనోలో డిజిటల్ పిన్నులు 14, అనలాగ్‌వి 6, అంతే. అయినా సరిపోతుంది. 8 అవుట్‌పుట్‌ల 74హెచ్‌సీ595 చిప్పులు 30 ఒకదాని వెనక ఒకటి కలిపితే, బోర్డు నుంచి వెళ్లేవి మూడే తీగలు: డేటా, క్లాక్, లాచ్. బిట్లన్నీ వరుసగా నెట్టాక లాచ్ ఒక్కసారి కొడితే 240 కొక్కేల ఆర్డర్లూ ఒకేసారి మారతాయి. ఒక మెగాహెర్ట్జ్ క్లాక్‌తో ఆ నెట్టడానికి పట్టేది మిల్లీసెకనులో పావు వంతు. నాడె ఈ చివర్నుంచి ఆ చివరికి చేరేలోపు ఈ పని ఎన్నోసార్లు అయిపోతుంది.

అపోహ: పిన్ను వచ్చిందిగా, కాయిల్ నేరుగా తగిలించెయ్యొచ్చు.

ఎక్కువ చిప్పులు కాలేది ఇక్కడే. పిన్నులు పెంచే ఎక్స్‌పాండర్ చిప్పు ఎంసీపీ23017కు 16 పిన్నులు. పిన్నుకు గరిష్ఠంగా 25 మిల్లీఆంప్స్ అని చదివి, 16 పెట్టి గుణించి 400 అనుకుంటారు. చిప్పు మొత్తానికి సరఫరా నుంచి తీసుకోగలిగింది 125 మాత్రమే. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ ఒక్కటే సుమారు 70 లాగుతుంది. మధ్యలో యూఎల్‌ఎన్2003 డ్రైవర్ చిప్పు పెట్టాలి, దాని కామన్ పిన్నును కాయిల్ సరఫరా ప్లస్‌కు కలపాలి. కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజీకి దారి అదే.

పీసీఎఫ్8574 అనే మరో ఎక్స్‌పాండర్‌ది ఇంకో తిక్క. హై ఇచ్చినప్పుడు దాన్నుంచి వచ్చేది 100 మైక్రోఆంప్స్ మాత్రమే, ఎల్‌ఈడీ మినుకుమంటుంది. చిప్పు పోయిందని పారేయకండి. ఎల్‌ఈడీని రెసిస్టర్‌తో ప్లస్ నుంచి పిన్నుకు తిప్పి కట్టి, సున్నా ఇచ్చి వెలిగించండి.

అపోహ: ఏ సెన్సరైనా ఎక్స్‌పాండర్‌కు పెట్టొచ్చు.

ఆదోని మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతుకు తేమ ఎంత ముఖ్యమో తెలుసు. 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. ఆ తేమ కొలిచే సెన్సర్ ఇచ్చేది హెచ్చుతగ్గుల వోల్టేజీ. ఈ చిప్పులకు తెలిసింది ఉంది, లేదు, అంతే. దానికి వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 లాంటి వేరే చిప్పు కావాలి.

అపోహ: ఈ ఎక్స్‌పాండర్లు బోర్డుతో మాట్లాడే ఐ2సీకి రెండే తీగలు కాబట్టి మిల్లు ఆ చివరికీ లాగొచ్చు.

లాగకండి. అది ఒకే బోర్డులోనో, ఒకే పెట్టెలోనో మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి. తీగల కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు దాటకూడదు. పైగా జిన్నింగ్ మిల్లులో పెద్ద మోటారు కాంటాక్టర్ పడ్డప్పుడల్లా వచ్చే విద్యుత్ రొదకు డేటా చెదిరిపోతుంది. దూరంలో ఇంకో చిన్న కంట్రోలర్ పెట్టి ఆర్‌ఎస్-485తో కలపడం మేలు.

అపోహ: ఎంసీపీ23017లో 16 పిన్నులూ ఇన్‌పుట్‌గా వాడొచ్చు.

పాత డేటాషీట్ ప్రకారం సరే. సవరించినదాంట్లో మాత్రం జీపీఏ7, జీపీబీ7 అవుట్‌పుట్‌కే. అడ్రస్‌లు ఎనిమిదే కాబట్టి ఒక బస్సు మీద ఎనిమిది చిప్పులకు మించవు. పీసీఎఫ్8574 అడ్రస్‌లూ అవే ఎనిమిది, రెండింటికీ ఒకే అడ్రస్ పెడితే ఢీకొంటాయి, చూసుకోండి.

ఇక కావాల్సింది 16 బటన్లే అయితే ఎక్స్‌పాండర్ ఊసే వద్దు. నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా అల్లితే ఎనిమిది పిన్నులు చాలు.