రహస్య పత్రాలు – రక్త సంబంధాలు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు నేడు పల్నాటికి కొత్త కాదు. అట్లు వెళ్ళిన తెలుగువారిలో అక్కడి పౌరసత్వం స్వీకరించి, రక్షణ శాఖకు పనిచేసే సంస్థలలో కొలువు కోరేవారూ ఉన్నారు. ప్రభుత్వ రహస్యాలతో సంబంధమున్న కొలువులకు ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ అనే భద్రతానుమతి కావలె. అప్పుడు నరసరావుపేటలోనో, గురజాలలోనో ఉన్న తల్లిదండ్రుల మనసులో ఒక శంక పుట్టుతుంది: “మేమిక్కడ ఉండడమే మా బిడ్డకు అడ్డమా?”

విదేశంలో బంధువులుండడం దానంతట అది అనర్హత కాదు. అయితే అది విచారణకు వచ్చే విషయమే.

ఈ అనుమతిలో మూడు అంతస్తులు: కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకొనే వీలు లేదు. ప్రభుత్వ శాఖ గాని, పనిలో పెట్టుకొనే సంస్థ గాని ప్రతిపాదించవలె. సాధారణంగా అమెరికా పౌరులే అర్హులు. అభ్యర్థి ‘ఎస్.ఎఫ్. 86’గా పేరుపడిన సుదీర్ఘ ప్రశ్నపత్రంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామల వివరాలు, వారి పౌరసత్వం, నివాసం తెలుపవలె. గత 7 సంవత్సరాలలో సన్నిహితంగా మెలగిన విదేశీయులను, విదేశాలలోని ఆస్తులను, చేసిన ప్రయాణాలను కూడ వ్రాయవలె.

నిర్ణయానికి 13 సూత్రాలున్నవి. నేటి రూపంలో అవి 2017 జూన్ 8 నుండి అమలులోకి వచ్చినవి. వాటిలో రెండవది ‘విదేశీ ప్రభావం’. దాని అంతరార్థం ఒక్కటే: ఇక్కడి ఆత్మీయులను అడ్డు పెట్టుకొని ఎవరైనా ఆ ఉద్యోగిని ఒత్తిడికి లోనుచేయగలరా? కనుక ఆ దేశ ప్రభుత్వ స్వభావమెట్టిది, బంధువులు చేసే వృత్తి ఏది అని చూస్తారు. మాచర్ల దగ్గర మిరప పండించే తండ్రికీ, రక్షణ పరిశోధనశాలలో పనిచేసే అన్నకూ తూకం ఒకటి కాదు. మరొక తట్టలో అభ్యర్థికి అమెరికాలో గల ఇల్లు, ఆలుబిడ్డలు, వృత్తి, చిరకాల నివాసం నిలుస్తవి. ఇంకను సందేహం మిగిలితే తీర్పు దేశ భద్రత వైపే మొగ్గుతుంది. ఈ అనుమతి ఎవరికీ హక్కు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1988లో చెప్పినది.

బంధుత్వం కన్న దాచిపెట్టడమే ఎక్కువ చేటు. తెలిసి అబద్ధం వ్రాయడం నేరం. 5 సంవత్సరాల వరకు చెర పడవచ్చును. ఇక్కడి పెద్దలకూ ఇందులో పాత్ర ఉన్నది. పౌరసత్వం మారక పూర్వం కుమారుని పేర వ్రాయించిన పొలం, వారసత్వంగా వచ్చిన వాటా, ఉమ్మడి బ్యాంకు ఖాతా – ఇవి అతనికి తెలియకపోతే పత్రంలోకి ఎట్లు ఎక్కుతవి? లెక్కలు ముందుగా చెప్పి ఉంచుట మేలు.

నిరాకరించదలచినప్పుడు కారణాలు వ్రాతపూర్వకంగా తెలుపుతారు. సమాధానమిచ్చేందుకు అవకాశముంటుంది, ప్రైవేటు సంస్థల ఉద్యోగులు న్యాయాధికారి ఎదుట విచారణ కోరవచ్చును.

ఇట్టి పరిశీలన అమెరికాకే పరిమితం కాదు. మన కేంద్ర ప్రభుత్వ కొలువులకు ఎంపికైనవారి పూర్వాపరాలను కూడ విచారిస్తారు. కాబట్టి బిడ్డ తమ వివరాలు అడిగినప్పుడు తల్లిదండ్రులు చిన్నబుచ్చుకోనక్కర లేదు. ఫోను పలకరింపులు మానుకోనక్కర అంతకన్నా లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే వారు చేయగల సాయం.