చేపలవేట వ్యాయామమగునా?

వేటపాలెము పేరు చెప్పగానే చదువరులకు సారస్వత నికేతనము జ్ఞప్తికి వచ్చును. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయమును 1929లో గాంధీమహాత్ముడు సందర్శించెను. వ్యాపారులకు ఆ పేరు వినినంతనే జీడిపప్పు తోచును; చీరలు కొనువారికి చేనేత మగ్గములు తోచును. కాని ఊరు దాటి తూర్పునకు కొలది దూరము పోయినచో ఇసుకతిన్నెలు, సరుగుడు తోటలు, వాని కావల బంగాళాఖాతము కానవచ్చును. రామాపురము, కఠారివారిపాలెము, పొట్టిసుబ్బయ్యపాలెము మొదలగు తీరగ్రామముల మత్స్యకారులు సముద్రముపై చేపలకు పోవుటను 'వేటకు పోవుట' అనియే చెప్పుదురు. ఈ ప్రాంతము 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప 2022 వరకు ప్రకాశము జిల్లాలోను ఉండి, నేడు బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను వేట మారలేదు.

ఆ పల్లెలలోని బాలుడొకడు తెల్లవారుజామున తండ్రితోపాటు వలత్రాడు పట్టి లాగి, స్నానము చేసి, చద్దియన్నము తిని బడికి వచ్చినాడనుకొందము. సాయంకాలము డ్రిల్లు మాస్టరుగారు పిల్లలను మైదానమునకు పిలువగా వాడు, "నాకు వ్యాయామము ఉదయముననే అయినదండీ" అనును. వెంటనే మరియొకడు లేచి, "మా మామయ్య ఆదివారమంతయు కాలువగట్టున గాలము వేసికొని కూర్చుండును. ఆయనదియు వ్యాయామమేనా అండీ?" అని అడుగును. తరగతి యంతయు నవ్వును. కాని ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. ఇద్దరును చేపలవేటను గూర్చియే చెప్పుచున్నారు. ఇద్దరి వేటలును ఒకటి కావు.

వేట శరీరమునకు మేలొనర్చునన్న మాట మన దేశమున ప్రాచీనమైనది. కాళిదాసుని శాకుంతల నాటకమునందు దుష్యంతుని సేనాపతి, వేటవలన క్రొవ్వు కరగి నడుము సన్నబడి దేహము తేలికయగునని రాజు ముందు వేటను కొనియాడును. అయితే అది గుఱ్ఱమెక్కి లేళ్ళను తరిమిన వేట. చేపలవేటకు ఆ ప్రశంస వర్తించునో లేదో తెలియవలెనన్న వ్యాయామమన నేమో ముందు తెలిసికొనవలెను. దేహమునకు స్థైర్యమును బలమును గూర్చు చేష్టయే వ్యాయామమనియు, దానిని మితముగ చేయవలెననియు చరకుడు చెప్పెను. ఆ మితమెంత? తనకున్న బలములో సగము వినియోగించు వరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుడు కొలత చెప్పెను. నుదుటను చంకలలోను చెమట పట్టుట, నోరు ఎండుట, ఊపిరి బరువగుట సగము బలము వ్యయమైనదనుటకు గురుతులు. చేతికి గడియారము, నాడిని చూపు యంత్రము లేని కాలమున ఇంతకంటె చక్కని కొలబద్ద దొరకదు.

నేటి శాస్త్రజ్ఞుల కొలబద్ద వేరు. మనుష్యుడు ఊరక కూర్చున్నపుడు వ్యయమగు శక్తిని ఒకటిగా భావించి, ప్రతి పనియు దానికి ఎన్ని రెట్లో లెక్కకట్టుదురు. ఈ ప్రమాణమునకు 'మెట్' అని పేరు. అమెరికా శాస్త్రజ్ఞులు వందలకొలది పనులకు ఇట్టి లెక్కలు కట్టి 1993లో ఒక పట్టికను ప్రకటించి, పిమ్మట పలుమారులు సవరించిరి. మూడు రెట్లు మొదలు ఆరు రెట్లకు లోపున్న పని మధ్యమము. ఆరును, అంతకు మించినదియు తీవ్రము. మూడింటికి లోపలిది తేలికపని. యంత్రము లేనివారికి మరియొక పరీక్ష కలదు. పని చేయుచు మాటలాడగలిగియు పాట పాడలేకున్నచో అది మధ్యమము. రెండు మాటలకే ఊపిరి అందకున్నచో తీవ్రము. సుశ్రుతుడు చెప్పిన బరువైన ఊపిరి మరల ఇచ్చట కనబడుచున్నది.

ఇక మామయ్యగారి గాలమును చూతము. ఆ పట్టికలో చేపలవేటకు ప్రత్యేకముగ ఒక భాగమే కలదు. పడవలో కూర్చుండి గాలము వేయుటకు సుమారు రెండు రెట్లు. గట్టుపై నిలుచుండి వేయుటకు మూడున్నర. గట్టు వెంబడి నడచుచు వేయుటకు నాలుగు. వీనికంటె విచిత్రమైన విషయ మొకటి యున్నది: ఎరకొరకు పారతో వానపాములను త్రవ్వుటకు నాలుగు రెట్లకు పైగా పడును! అనగా కూర్చుండి గాలము వేయువాడు చేపను పట్టుటలో కంటె దాని భోజనమును సమకూర్చుటలోనే ఎక్కువ వ్యాయామము చేయుచున్నాడన్నమాట.

"కాని ఆయన ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు ఆరు గంటలు కూర్చుండును గదా!" అని మేనల్లుడు వాదింపవచ్చును. లెక్క వేయుదము. అరువది కిలోల బరువు గల మనుష్యునికి ఊరక కూర్చున్నను గంటకు సుమారు 60 కిలోకాలరీలు వ్యయమగును. గాలముతో కూర్చున్నచో 120. ఆరు గంటలకు 720. అందులో 360 గాలము లేకున్నను వ్యయమగునవే. మిగిలిన 360 కిలోకాలరీలను వడిగా రెండు గంటలు నడచినవాడును వ్యయము చేయగలడు. లెక్క సరిపోయినట్లే కనబడును. కాని గుండెకు ఈ రెండును సమానములు కావు. సన్నని సెగపై దినమంతయు ఉంచిన కడవలోని నీరు వెచ్చబడునే గాని తెరలదు. గుండె వడిగా కొట్టుకొని, ఊపిరితిత్తులు నిండ పనిచేసిననే వానికి బలము చేకూరును. దినము ఎంత పొడవైనదని కాదు, ఆ దినములో దేహము ఏ సెగకు చేరినదని చూడవలెను.

అంతమాత్రమున గాలము పట్టుట పనికిమాలినదని తలపరాదు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనునతడు 1653లో గాలపు వేటను గూర్చి వ్రాసిన గ్రంథము నేటికిని చదువబడుచున్నది. అతడే దానిని ఆలోచనాపరుని వినోదమని పేర్కొనెను, వ్యాయామమని చెప్పలేదు. అతడు తొంబది సంవత్సరములు జీవించిన మాట నిజమే. ఆ కీర్తిని గాలమునకు కట్టబెట్టుట మాత్రము న్యాయము కాదు. ఆరుబయట, చెట్టునీడను, నీటి నొడ్డున మనస్సునకు కలుగు నెమ్మది విశ్రాంతి. విశ్రాంతిని విశ్రాంతి అనుటలో చిన్నతన మేమియు లేదు.

మొలలోతు నీటిలో దిగి విసురువల వేయువాని మాట వేరు. అంచున గుండ్లు కట్టిన వలను చేతికి, భుజమునకు అమర్చుకొని, నడుము త్రిప్పి, అది పళ్ళెమువలె విచ్చుకొని పడునట్లు విసరవలెను. పడిన వలను మెల్లగా లాగవలెను. నాలుగడుగులు నడచి మరల విసరవలెను. నీరు ప్రతి అడుగును అడ్డగించును. పారునీటిలో దిగి వేటాడుటకు ఆ పట్టికలో ఆరు రెట్లున్నవి. ఇందు కాళ్ళు, నడుము, భుజములు అన్నియు పాలుపంచుకొనును. అలసినవాడు గట్టెక్కి కూర్చుండవచ్చును. ఇది అన్ని విధముల వ్యాయామమే.

బాలుడు లాగినది అలివి వల. దానిని చూడనివారి కొరకు కొంత వివరింపవలెను. ఆ వలకు నడుమ పెద్ద సంచి, ఇరుప్రక్కల చాల పొడవైన రెక్కలు, రెక్కల చివర మోకులు ఉండును. ఒక మోకు కొనను ఒడ్డున కొందరు పట్టుకొని యుండగా, పడవ తక్కిన వలను విడుచుచు సముద్రములోనికి పోయి, విల్లువలె వంగి, రెండవ కొనను దూరముగా మరియొక చోట ఒడ్డు చేర్చును. అప్పుడు రెండు జట్లు రెండు కొనలను లాగుట మొదలిడును. పదులకొలది జనము కావలెను. మోకును నడుమునకు, చేతులకు ఆనించి, మడమలు ఇసుకలో గ్రుచ్చి, వెనుకకు వాలి, వెనుకకే నడచుచు లాగుదురు. తిన్నె మీదికి చేరిన చివరివాడు మోకు విడిచి, నీటియొడ్డుకు పోయి మరల ముందు పట్టు పట్టును. జట్లు రెండును లాగుచునే క్రమముగా ఒకదాని వైపు ఒకటి జరుగును. సంచి ఒడ్డు చేరుటకు గంటలు పట్టును. చేపలు పడినవో, నాచు పడినదో అప్పుడు గాని తెలియదు.

"ఐలేసా" అని వారు పాడుచునే లాగుదురు గదా, పాడగలిగినచో తేలికపని కావలెను గదా యని సందేహము కలుగవచ్చును. జాగ్రత్తగా వినినచో ఒకడు పాట నెత్తుకొనును, తక్కినవారు ఆ ఒక్క మాటనే పలుకుదురు. ఆ మాట పలుకుటలోనే ఊపిరి విడుచుట, లాగుట జరిగిపోవును. అది పాటకంటె ముఖ్యముగా అందరి బలమును ఒక్క క్షణమున కూర్చు సాధనము. ఇంతేకాదు, వారి కాళ్ళ క్రిందనున్నది ఇసుక. గట్టినేలపై నడచుటకంటె మెత్తని ఇసుకలో నడచుటకు రెండింతలకు పైగా శక్తి పట్టునని 1998లో బెల్జియము శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అడుగు వేసినపుడు పాదము క్రుంగి, ఇసుక జారి, వేసిన బలములో కొంత వ్యర్థమగుటయే దీనికి కారణము.

కావున బాలుడు లాగినది తేలికపని కాదు. వృత్తిపని గుండెకు మేలుచేయుననుటకు ప్రసిద్ధమైన సాక్ష్యమును 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడు లోకమునకు చూపెను. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు నుండును. ఇద్దరును ఒకే సంస్థవారు, ఒకే బస్సువారు. అయినను గుండెజబ్బు కండక్టరులలో తక్కువగ కనబడెను. వృత్తిపనిలోని కదలికను గూడ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోనికి తీసికొనుచున్నది.

అయితే బస్సు మెట్లకును వలమోకునకును భేదమున్నది. మెట్లెక్కునపుడు కండరము ముడుచుకొనుచు సాగుచు నుండును. రక్తము చక్కగా ప్రవహించును. మోకును బిగబట్టి నిలిచినపుడు కండరము కదలక బిగిసియుండును, లోని రక్తనాళములు నొక్కుకొనిపోవును, రక్తపుపోటు హెచ్చును. ఈ బిగువు మాటిమాటికి గంటలతరబడి కలుగుచుండును. నడుము, భుజము, వ్రేళ్ళ కీళ్ళు సంవత్సరముల తరబడి ఒకే విధముగ అరుగును. సుశ్రుతుని సగము బలము మాట ఇచ్చట చెల్లదు. కెరటము వలను వెనుకకు లాగుచున్నపుడు నుదుట చెమట పట్టినదని ఎవడును మోకు విడువలేడు. విడిచినచో ప్రక్కవానిపై భారము పడును, ఆనాటి కూడు నీటిపాలగును. రాత్రివేటకు పోయినవానికి నిద్రయు ఉండదు. వ్యాయామము చేయువాడు అలసినపుడు ఆగును. మత్స్యకారుడు వల ఒడ్డెక్కినపుడు ఆగును. వైద్యుడు అతనికి "ఇంకను వ్యాయామము చేయుము" అని చెప్పుట హాస్యాస్పదము. అతనికి కావలసినది నిద్ర, నడుమునకు విశ్రాంతి, నీడ.

చేపలవేటలో సంపూర్ణమైన వ్యాయామము ఎవరిదని అడిగినచో, వేట చేసినట్లు ఎవ్వరును చెప్పని వారిని చూపవలసి యుండును. వల ఒడ్డెక్కిన పిమ్మట చేపలను ఏరి, గంపల కెత్తి, తలపై పెట్టుకొని చీరాలకు, వేటపాలెమునకు, లోపలి గ్రామములకు నడచి అమ్మిన ఆడువారు వారు. మెడ నిలిపి, వెన్ను నిటారుగ నుంచి, చేపలు చెడకముందే ఊరు చేరవలెనని వడివడిగా నడుచుట ఎన్నో తరముల పాటు వారి నిత్యకృత్యము. నేడు చాలమంది ఆటోలలో పోవుచున్నారు. మెడపై భారము తగ్గినందులకు సంతోషింపవలసినదే.

మగవారి వేటయు మారినది. నూలువలలు నీరు పీల్చి బరువెక్కెడివి. నైలాను వలలు తేలికైనవి. తెడ్డు వేయు తెప్పల స్థానమున ఫైబరు పడవలు, ఇంజనులు వచ్చినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ మార్పు మరింత వేగముగ సాగెను. ఇంజను త్రిప్పి గంటలకొలది కూర్చుండి పోవు దినమును, తెడ్డు వేసిన తాతగారి దినమును ఒక్క లెక్కలో వేయరాదు. ఇక ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. ఆ దినములలో వలలు బాగుచేసికొనుచు కూర్చున్న మత్స్యకారుడు, గుంటమగ్గము ముందు నాడెను ఆడించు వేటపాలెము నేతగాని వలెనే, కూర్చుండి పనిచేయువాడు.

డ్రిల్లు మాస్టరుగారు ఇద్దరు బాలురకును సమాధానము చెప్పవలెను. ఐదు మొదలు పదునేడేండ్ల వారికి దినమునకు సగటున కనీసము అరువది నిమిషముల మధ్యమ, తీవ్ర చలనము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. ఆ లెక్కన మొదటివాని ఉదయము చెల్లును. హాజరుపట్టీలో వాని పేరునకు ఎదుట గురుతు పెట్టవచ్చును. కాని వలను లాగిన చేతులు గట్టిపడినవే గాని, కాళ్ళకు పరుగు, ఎముకలకు దుముకు ఇంకను అందలేదు. అందుచేత వానిని బస్కీలు తీయుమనక, బంతి ఇచ్చి మైదానములోనికి పంపవలెను. అలసినచో బంతిని విడిచి చెట్టు క్రింద కూర్చుండవచ్చునని కూడ వానికి చెప్పవలెను. తెల్లవారుజామున వానికి ఆ మాట చెప్పినవారు లేరు. రెండవవాని మామయ్యగారు వచ్చే ఆదివారము మోటారు సైకిలును ఇంటనే ఉంచి, గాలము భుజమున వేసికొని కాలువ వరకు నడచి పోవచ్చును. వానపాములను కూడ తామే త్రవ్వుకొనవచ్చును.