జీర్ణోద్ధరణమా, రూపాంతరమా?

జపాను దేశపు నిస్సాన్ సంస్థ 1969వ సంవత్సరము చివర స్వదేశమున ‘ఫెయిర్‌లేడీ జెడ్’ అను పేరను, అమెరికాలో 1970 మోడలుగా ‘డాట్సన్ 240జెడ్’ అను పేరను వెలువరించిన రెండు తలుపుల చిన్నకారు, పొడవైన ముక్కుతో, వెనుకకు వాలిన కప్పుతో, ఇద్దరికి మాత్రమే చాలిన లోపలి గదితో, నాటి ఐరోపా స్పోర్ట్స్ కారుల సొగసును మధ్యతరగతి ఉద్యోగికి అందుబాటులోనికి తెచ్చినది. వరుసగా నిలిచిన ఆరు సిలిండర్లు, 2,393 సి.సి. ఇంజను, రెండు కార్బ్యురేటర్లు, ఆనాటి లెక్కను 151 అశ్వశక్తి, సుమారు 1,050 కిలోల బరువు. వెల 3,526 డాలర్లు. అమెరికాలో డాట్సన్ వ్యాపారమును నడిపిన యుతాకా కతాయామా, ‘ఫెయిర్‌లేడీ’ అను సుకుమారనామము అచ్చటివారికి రుచింపదని తలచి, దానిని తొలగించి అంకెల పేరు పెట్టించెను.

అట్టి బండి యొకటి ఏబదియేండ్లకు పైబడి, ఏ కాలిఫోర్నియా ఇంటి షెడ్డులోనో దుమ్ముగొట్టుకొని దొరకినప్పుడు, కొన్నవాని ముందు నిలుచు ప్రశ్న ఒక్కటే: కర్మాగారము నుండి వెలువడిన నాటి రూపమునకు దానిని మరల తెచ్చుటయా, లేక నేటి రోడ్లకును, తన యభిరుచికిని తగినట్లు మార్చుకొనుటయా? మొదటిదానిని మన దేవాలయముల భాషలో జీర్ణోద్ధరణమనవచ్చును. రెండవది రూపాంతరము. పైరూపము పాతదిగనే యుంచి లోపల క్రొత్త యంత్రభాగములు కూర్చుటను ఆ బండ్లవారు ‘రెస్టోమాడ్’ అందురు. ఈ ప్రశ్నకు సమాధానమును యజమాని తన కోరికలో వెదకుట పొరపాటనియు, ముందు బండి దేహమును పరీక్షించి దాని నుండియే రాబట్టవలెననియు నా దృఢమైన అభిప్రాయము.

దేహమనుటకు కారణమున్నది. ఈ కారునకు లారీకి వలె వేరుగ ఛాసిస్ లేదు. రేకులే మలచబడి, అతుకబడి, ఎముకలును చర్మమును తామే యైనవి. కావున ఇందు తుప్పు చర్మరోగము కాదు, అస్థిరోగము. ఆనాటి పలుచని ఉక్కురేకులకు లోపలివైపు తుప్పునిరోధక లేపనము చాలినంతగా లేకుండుటచేత, నీరు నిలిచిన ప్రతిచోటను తుప్పు కాపురము పెట్టినది. బ్యాటరీ పళ్లెము క్రింద ఆమ్లము కారి రేకును తినివేయును; ముందు మడ్‌గార్డుల వెనుక ఆకులును బురదయు చేరి తడి ఆరనీయవు; తలుపుల క్రింది పట్టీలు, వెనుక చక్రముల ముందరి మూలలు, పాదముల క్రింది నేల, ఆ నేలను మోయు దూలములు లోలోపలనే గుల్లయగును. పైన మెరయు రంగును చూచి మోసపోరాదు. చేతిలో చిన్న అయస్కాంతము పట్టుకొని చుట్టునూ తిరిగినచో, అది అంటుకొనని చోట రేకు లేదనియు, టింకరింగు చేసినవాడు పుట్టీతో పూడ్చి రంగు వేసినాడనియు తెలియును. దూలములు చెడిన బండికి ఏ మార్గము త్రొక్కినను మొదటి ఖర్చు వెల్డింగునకే. ఇంజను గూర్చిన వాదములన్నియు ఆ తరువాతనే.

దేహము దృఢముగ నున్నచో, రెండవ పరీక్ష వంశావళిది. ఇంజను గదిలోని చిన్న ఫలకముపై బండి సంఖ్యయు, ఇంజను సంఖ్యయు చెక్కబడి యుండును. ఇంజను దిమ్మపై నున్న అంకె దానితో సరిపోలి, గేరుబాక్సు, సీట్లు, స్టీరింగు మొదలగునవి పుట్టిననాటివే యైనచో అట్టి బండి నేడు దుర్లభము. ఇరువదిరెండువేల మైళ్లయినను తిరుగని, చెక్కుచెదరని 240జెడ్ యొకటి 2020లో వేలమున 3,10,000 డాలర్లు పలికినది. ఆ వెలను చూచి ప్రతి పాతబండియు బంగారమనుకొనరాదు. 1990ల చివర నిస్సాన్ సంస్థయే అమెరికాలో పాత 240జెడ్‌లను కొని, మేకుమేకును విప్పి, క్రొత్తవానివలె చేసి తన డీలర్లచే అమ్మించుటకు పూనుకొనగా, కొన్ని పదుల బండ్లతోనే ఆ పథకము నిలిచిపోయినది. జీర్ణోద్ధరణము లాభమునకు చేయు పని కాదు. భక్తితో చేయు పని.

ఇక మార్చుట పాపమా యన్నచో, ఈ కారు చరిత్రయే కాదని చెప్పును. నిస్సాన్ వారు స్వయముగ ఈ దేహములోనే పందెపు ఇంజనునుంచి ‘జెడ్432’ను చేసిరి: సిలిండరునకు 4 వాల్వులు, 3 కార్బ్యురేటర్లు, 2 క్యామ్‌షాఫ్టులు, అదే ఆ పేరు అర్థము. కాలిఫోర్నియాలో పీట్ బ్రాక్ బృందము సవరించిన 240జెడ్‌తో జాన్ మోర్టన్ 1970, 1971 సంవత్సరములందు తన తరగతిలో అమెరికా జాతీయ విజేత యయ్యెను. భారతసంతతివాడైన శేఖర్ మెహతా 1973లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని, ఆ గుంటల దారులలో, 240జెడ్‌తోనే గెలుచుకొనెను. అతని అయిదు సఫారీ విజయములలో అది మొదటిది. ఈ బండి గాజుపెట్టెలో నుండుటకు పుట్టలేదు.

అయినను మార్పులన్నియు ఒక జాతివి కావు. అదే కుటుంబమునకు చెందిన 2,753 సి.సి. ఎల్28 ఇంజను పాత స్థానములోనే ఇమిడిపోవును. మెరుగైన బ్రేకులు, బిగువైన స్ప్రింగులు బోల్టులతో బిగించుకొని, కావలసిననాడు విప్పవచ్చును. ఇవి నగలవంటివి. షెవ్రొలే వి8ను ఎక్కించుట వేరు కథ: 151 అశ్వశక్తికై రూపొందిన దేహముపై రెట్టింపు బలము పడగనే గేరుబాక్సు చాలదు, వెనుక ఇరుసు చాలదు, బ్రేకులు చాలవు, చివరకు రేకే వంగును, ఒక మార్పు పది మార్పులను వెంటబెట్టుకొని వచ్చును. వెడల్పు చక్రములకై వెనుక రెక్కలను కోయుట అన్నిటికన్న కఠినము, ఏలనన కోసిన రేకు మరల మొలవదు. మన ఆలయములలో సాధారణముగ మూలవిరాట్టును వీథులలోనికి తీసికొని రాము. ఊరేగుటకు ఉత్సవమూర్తి కలదు. అంకెలు కలిసిన బండి మూలవిరాట్టు. ఇంజను ఎప్పుడో పోయి, సగము భాగములు పరాయివైన బండి ఉత్సవమూర్తి. దానిని మీ యిష్టము వచ్చినట్లు అలంకరింపుడు, నిస్సంకోచముగ నడుపుడు.

చట్టమును సయితము విచారింపవలెను. కాలిఫోర్నియాలో 1975 వరకు వచ్చిన మోడళ్లకు పొగపరీక్ష లేదు. ఈ వరుసలోనే తరువాత వచ్చిన 280జెడ్‌కు, 1976 నాటిదైనచో, ఉన్నది. మన దేశమున మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన స్వరూపమును మార్చుటను చాలవరకు నిషేధించుచున్నది. కావున ఇచ్చట ఏ పాతబండినైనను మార్చదలచినవారు ముందుగ రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

నా తీర్పు ఇది: రేకు కోయని మార్పు ఏదైనను క్షమార్హము, రేకు కోయునది ఏదైనను అకార్యము. ఒకవేళ మార్చుటకే నిశ్చయించుకొన్నచో, విప్పిన ఆ రెండు కార్బ్యురేటర్లను పాత ఇనుముకు అమ్మివేయక, నూనెగుడ్డలో చుట్టి, చీటీ కట్టి, బండి తరువాతి యజమానికై పెట్టెలో దాచి యుంచుడు.