పళ్ళెం అంచున పాదం... గుట్టు మాత్రం చెవిలో!

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు దాటి వెళ్తే కూచిపూడి. ఆ పేరు వినగానే మీ కళ్ళ ముందుకొచ్చే సీన్ ఏంటి? ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలు, నెత్తిన నీళ్ళ చెంబు. మృదంగం జతికి తగ్గట్టు పళ్ళెం ముందుకు జరుగుతుంటుంది. చెంబులో నీళ్ళు తొణకవు. నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణి నుంచి వచ్చిన ‘తరంగం’ ఇది. రీల్స్‌లో చూసి మనమంతా కాళ్ళ మహిమ అనుకుంటాం. కాళ్ళూ కళ్ళూ పని చేసే మాట నిజమే. కానీ తాపీ మేస్త్రీ చేతిలో రసమట్టం ఉంటుంది చూశారా, అలాంటిది మన చెవి లోపల కూడా ఒకటి ఉంది.

స్కూల్లో చదివే ఉంటారు, అర్ధవృత్తాకార కుల్యలు అని. గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు, మూడు గొట్టాలు మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. లోపల ద్రవం. తల తిప్పగానే గొట్టం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడా అక్కడి సన్నటి రోమ కణాలను వంచుతుంది. తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు వెళ్తుంది. పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో సున్నపు స్ఫటికాలుంటాయి, తల ఎటు వంగిందో చెప్పేవి అవి. దీనికి ఆనుకునే నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తం. మనకు వినిపించే పని దానిది. సైజు బఠాణీ గింజంత!

మరి ఇంత చిన్నదాన్ని ఫొటో తీసేదెలా?

బయటి చెవి అయితే ఈజీ. 2022లో ఐఓఎస్ 16 వచ్చాక ఐఫోన్ ముందు కెమెరాతోనే చెవి ఆకారాన్ని స్కాన్ చేసి, ఎయిర్‌పాడ్స్‌లో శబ్దాన్ని మన చెవికి తగ్గట్టు సర్దుకోవచ్చు. చెవి మడతలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోవడానికి ఆ మడతలు కూడా కావాలి. కాకపోతే అది వీధి అరుగు మాత్రమే. అసలు ఇల్లు లోపలుంది, అదీ ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో. ఎంత గట్టిదంటే, వేల ఏళ్ళ నాటి అస్థిపంజరం దొరికితే డీఎన్ఏ కోసం శాస్త్రవేత్తలు ముందుగా వెతికేది ఈ చెవి ఎముకనే.

ఆసుపత్రిలో తీసే హై రిజల్యూషన్ సీటీ స్కాన్ ఈ ఎముకను అర మిల్లీమీటరు మందం ముక్కలుగా చూపిస్తుంది. వినడానికి చాలా సన్నంగా ఉంది కదా? కానీ చెవిలోని అంకవన్నె అనే ఎముక మొత్తం పొడవే 3 మిల్లీమీటర్లు, నూక గింజంత. శరీరంలోకెల్లా చిన్న ఎముక అది. కర్ణావర్తం లోపలి పొరలైతే ఆ స్కాన్‌లో అసలు కనపడవు. రిజల్యూషన్ పెంచొచ్చుగా అంటారా? ఫోన్ కెమెరాలా మెగాపిక్సెళ్ళు పెంచుకుంటూ పోతే కుదరదు. బొమ్మ క్లారిటీ తగ్గకుండా వివరం రెట్టింపు కావాలంటే ఎక్స్‌రే మోతాదు దాదాపు 16 రెట్లు పెంచాలి. బతికున్న మనిషికి అలా చేయలేం. పైగా ఊపిరి, గుండె చప్పుడు... మనం ఎంత కదలకుండా పడుకున్నా మైక్రాన్ల లెక్కలో అది కదలికే.

అందుకే మనిషి చెవికి అతి స్పష్టమైన స్కాన్లన్నీ చనిపోయాక దేహాన్ని దానం చేసిన వాళ్ళవే.

ఆ ఎముకను మైక్రో సీటీలో పెడితే వెంట్రుక మందంలో నాలుగో వంతు వివరం కూడా దొరుకుతుంది. కెనడాలోని సస్కటూన్‌లో కెనడియన్ లైట్ సోర్స్ అనే సింక్రోట్రాన్ ఉంది. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో రింగులో తిప్పి పుట్టించే ఎక్స్‌రేలతో అక్కడ కర్ణావర్తాన్ని కోయకుండా, రంగు వేయకుండా మెత్తటి పొరలతో సహా స్కాన్ చేశారు. యూరప్ పరిశోధకులు 2019లో ‘ఓపెన్ ఇయర్’ పేరుతో ఎనిమిది చెవి ఎముకల త్రీడీ మోడళ్ళను ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టారు. ఇలాంటి మోడళ్ళను త్రీడీ ప్రింట్ తీసి, వాటి మీద డ్రిల్లింగ్ నేర్చుకోవచ్చు.

డ్రిల్లింగ్ ఎందుకంటారా? కాక్లియర్ ఇంప్లాంట్ కోసం. పుట్టుకతో వినపడని పిల్లలకు ఏడాది, రెండేళ్ళ వయసులోనే ఈ ఆపరేషన్ చేస్తే మాటలు బాగా వస్తాయి. ఆలస్యమైన కొద్దీ కష్టం. లక్షల్లో ఖర్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో దీన్ని చేర్చడంతో మన దగ్గర పేదింటి పిల్లలకూ అందింది. ఇప్పుడా పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ.

ఆపరేషన్‌లో సర్జన్ చెవి వెనక ఎముకను తొలుచుకుంటూ వెళ్ళాలి. దారిలో కొద్ది మిల్లీమీటర్ల సందు. దానికి ఒక పక్క ముఖాన్ని కదిలించే నరం, ఇంకో పక్క నాలుకకు రుచి తెచ్చే నరం. మొదటిది తెగితే ఆ వైపు ముఖం వాలిపోతుంది. కనుబొమ్మ, రెప్ప, పెదవి... అభినయం అంటే మనం చెప్పుకునేవన్నీ ఆ సన్నటి తీగ మీదే ఆధారపడ్డాయి.

ఆ తర్వాత 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లున్న సన్నటి తీగను నత్తగుల్లలోకి జొనపాలి. ఎంత లోతుకు? బుడాపెస్ట్ టెలిఫోన్ ల్యాబ్‌లో పనిచేసిన బెకెసీ అనే ఆయన శవాల చెవులు తెరిచి, లోపల వెండి రేణువులు చల్లి, మెరిసే లైటు వెలుగులో శబ్దం అలలా పరిగెత్తడం చూశాడు. 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది. కర్ణావర్తంలో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు ఉంటుంది. గజ్జెల గలగల లాంటి సన్నటి శబ్దాలకు మొదటి చుట్టు, మృదంగం తొప్పి వైపు మోగే బరువైన శబ్దానికి చిట్టచివరి చుట్టు. తీగ ఆ చివరిదాకా చేరకపోతే బరువు శబ్దాలు సరైన చోట తగలవు.

చిక్కేంటంటే, విప్పి చాపితే సగటున 35 మిల్లీమీటర్లుండే ఈ గొట్టం పొడవు అందరికీ ఒకేలా ఉండదు. ఇక్కడే ఆ దానమిచ్చిన చెవులు పనికొస్తాయి. పాప సీటీలో కింది చుట్టు అడ్డకొలత వరకు తెలుస్తుంది. మైక్రో సీటీ మోడళ్ళతో పోల్చి లెక్కకడితే మొత్తం పొడవు అంచనాకు వస్తుంది. దాన్నిబట్టి తీగ ఎంచుకుంటారు. ఇంకో విశేషం: కర్ణావర్తం పుట్టేనాటికే పెద్దవాళ్ళ సైజులో ఉంటుంది. అందుకే చిన్నప్పుడు పెట్టిన తీగను పాప ఎదిగిందని మార్చక్కర్లేదు. పెద్దవాళ్ళ చెవి మ్యాప్ పసిదానికి పనికొచ్చేదీ అందుకే!

సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. అది వార్తయింది, పెద్దాయన కాబట్టి. మామూలు వాళ్ళూ ఇవ్వొచ్చు. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఉంది. ఏ ఊళ్ళోనైనా మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో అడిగితే పద్ధతి చెబుతారు. ఫారం మీద మన సంతకం ఒక్కటే ఉంటే పని జరగదు, ఇంట్లో వాళ్ళకూ ముందే చెప్పి ఒప్పించాలి. ఆ రోజు కాలేజీకి ఫోన్ చేయాల్సింది వాళ్ళే కదా.