మీకు తెలుసా? మగ్గంలోనూ ఉంది 'టేక్ అప్'

సూరత్‌కు ఉత్తరాన, ముంబై–అహ్మదాబాద్ రైలు మార్గంలో ఉన్న ఊరు కిమ్. ఆ పరిసరాల్లో మరమగ్గాలు నడుస్తాయి. తెలంగాణ నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్లిన నేత కుటుంబాలూ ఎన్నో.

అలాంటి మరమగ్గంలో 'టేక్ అప్' అంటే నేసిన బట్టను లాగి రోలరుకు చుట్టే ఏర్పాటు. పేక పడిన ప్రతిసారీ అది బట్టను ఎంత లాగితే అంత తేడా: ఎక్కువ లాగితే అంగుళానికి పోగులు తగ్గి బట్ట పలచనవుతుంది, తక్కువ లాగితే చిక్కన. వెనక బీమ్ నుంచి పడుగును వదిలేది 'లెట్ ఆఫ్'.

ఇంగ్లిష్‌లో అదే టేక్ అప్ దర్జీ దగ్గర లంగా పొడవు తగ్గించడం. సంగీతం కొత్తగా మొదలుపెట్టినా, బీరువా గదిలో చోటు ఆక్రమించినా, పై అధికారి దగ్గర సమస్య లేవనెత్తినా ఇదే మాట. లెట్ ఆఫ్ అయితే తప్పు చేసినవాణ్ని శిక్షించకుండా వదిలేయడం, టపాసు పేల్చడం కూడా! అందుకే ఈ అర్థాలను జాబితాగా బట్టీ పట్టడం కంటే వాక్యంలో పట్టుకోవడమే మేలు.

ఇలాంటి మాటలను 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు. 1925లో లోగన్ పియర్‌సాల్ స్మిత్ తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' పుస్తకంలో ఈ పేరు వాడారు. దాన్ని సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ.