ముందు జమ... తర్వాతే వాచీ!

తాతగారి నాటి ఒమేగా వాచీ. ఆన్‌లైన్‌లో పెట్టగానే బేరం కుదిరింది. 'డబ్బు పంపించేశా' అంటూ స్క్రీన్‌షాట్‌ వచ్చింది, ఎస్సెమ్మెస్సూ మోగింది. ఇంకేం, ఇచ్చేయడమేనా? ఆగండి! ఆ రెండూ నకిలీవి కావచ్చు. బ్యాంకు ఖాతాలో సొమ్ము జమైందని స్వయంగా చూసుకున్నాకే వాచీ చేతికివ్వాలి.

'డబ్బు రావాలంటే క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేసి పిన్‌ కొట్టండి' అన్నారంటే అది మోసమే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు.

పోనీ, నగదు తీసుకుందామా? 2017 ఏప్రిల్‌ నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. అలాంటి పెద్ద బేరాలకు ఆర్టీజీఎస్‌ మేలు. 2020 డిసెంబరు నుంచి అది రాత్రీపగలూ పనిచేస్తోంది. ఇద్దరూ బ్యాంకులోనే కలుసుకుంటే ఇంకా నిశ్చింత.

టైమ్‌ చూపే వాచీని అమ్మేటప్పుడు కాస్త టైమ్‌ తీసుకుంటే తప్పేముంది!